ఐస్ హాకీలో ఆఫ్‌సైడ్ ఎందుకు? పొట్టివాళ్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడగలరా?

పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) కంటే ముందు గీత దాటితే విజిల్ ఎందుకు వేస్తారని, పొట్టిగా ఉంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) చోటు ఉంటుందా అని అడిగావు. రెండూ మంచి ప్రశ్నలే.

రింక్ (ఆడే మంచు మైదానం) మీద రెండు నీలం గీతలుంటాయి. దాడి చేసే జట్టులో ఎవరైనా పక్ కంటే ముందే రెండు స్కేట్లతోనూ అవతలి నీలం గీత పూర్తిగా దాటేస్తే ఆఫ్‌సైడ్. ఒక కాలు వెనకే ఉంటే ఫర్వాలేదు. ఈసారి మ్యాచ్‌లో వాళ్ల కాళ్లే చూడు: పక్ వచ్చేదాకా ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి గీత వెంబడే జారుతుంటారు. ఈ రూల్ లేకపోతే ఒకడు అవతలి గోల్‌కీపర్ పక్కనే కాపు కాస్తాడు, ఇంకొకడు దూరం నుంచి పక్ విసురుతాడు. పాసుల అందమంతా పోతుంది.

ఇక కెరీర్ సంగతి. డ్రాఫ్ట్‌లో (ఎన్‌హెచ్‌ఎల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఎక్కువగా 18 ఏళ్ల కుర్రాళ్లనే తీసుకుంటారు. అంతకుముందు జూనియర్ లీగుల్లో ఆడి ఉంటారు. డ్రాఫ్ట్‌లో పేరు రాకపోయినా దారి మూసుకుపోదు. కెనడాకు చెందిన మార్టిన్ సెయింట్ లూయీ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలే. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. వెర్మాంట్ యూనివర్సిటీ జట్టులో ఆడి పైకొచ్చాడు. 2004లో టాంపా బే జట్టుతో ఎన్‌హెచ్‌ఎల్ చాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు, ఆ సీజన్‌కే అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా అందుకున్నాడు.