చదువయ్యాక కొన్ని నెలలు విదేశంలో వాలంటీరుగా పనిచేస్తే నిజంగా మనలో మార్పు వస్తుందా?

బీటెక్ అయిపోయింది, ఉద్యోగంలో చేరేలోపు మూణ్నెల్లు వేరే దేశంలో సేవ చేయాలనుంది, ఇంట్లోవాళ్లేమో టైమ్ వేస్ట్ అంటున్నారు అని రాశారు. మా ఇంట్లోనూ అదే గొడవ. "సేవ చేయాలంటే మన ఊళ్లో కరువా?" అన్నారు నాన్న. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే సేవ కన్నా ఇల్లు దాటాలన్న ఆశే ఎక్కువ.

నేను వెళ్లింది నేపాల్‌కి, 2015 సెప్టెంబరు మొదట్లో. అప్పుడు నాకు 22. ఆ ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపంలో దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. వాళ్లలో మూడో వంతుకు పైగా ఒక్క సింధుపాల్‌చోక్ జిల్లావాళ్లే. నేను పాఠాలు చెప్పింది అక్కడే, ఒక కొండ ఊరి బడిలో. విజయవాడలో రప్తీసాగర్ రైలెక్కి గోరఖ్‌పూర్, అక్కణ్నుంచి సునౌలీ సరిహద్దు, తర్వాత ఒళ్లు హూనమయ్యేలా బస్సు. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. భూకంపం వచ్చింది శనివారం, అక్కడ వారం సెలవు శనివారమే. బడి కూలింది గానీ లోపల పిల్లలు లేరు. ఈ మాట ఆ ఊళ్లో నాకు కనీసం పదిమంది చెప్పారు.

వెదురు గుంజలు, పైన రేకులు, అదే కొత్త బడి. రేకుల మీద వాన మొదలైతే నా గొంతు నాకే వినపడేది కాదు. రెండు రోజులు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. పక్క క్లాసు సార్ మాత్రం చినుకు పడగానే సుద్దముక్క పక్కన పెట్టి, పిల్లల మధ్య చాప మీద కూర్చుని ఒక్కొక్కరి నోట్సూ దిద్దేవారు. మూడో రోజు నుంచి నేనూ అంతే. లెక్కలు నాకంటే ఆయనే బాగా చెప్తారని తెలియడానికి ఇంకో వారం పట్టింది. నావల్ల నిజంగా జరిగిన పని, డబ్బిచ్చినవాళ్లకు పంపాల్సిన ఇంగ్లిష్ రిపోర్టులూ ఎక్సెల్ షీట్లూ. దానికోసం ఇంతదూరం వచ్చానా అని కాస్త చిన్నతనంగా అనిపించింది.

సెప్టెంబరు 20న నేపాల్‌లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అందులో తమకు అన్యాయం జరుగుతోందని దక్షిణాన, ఇండియా సరిహద్దు వెంబడి ఉన్న తెరాయి మైదానాల్లో, అక్కడుండే మధేసీల ఆందోళన అప్పటికే నడుస్తోంది. కొద్దిరోజుల్లోనే సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. పెట్రోలు లేదు, గ్యాస్ లేదు, మందులకూ కటకట. ఇండియానే ఆపిందని నేపాల్‌వాళ్లు, మేం ఆపలేదు, ఆందోళనల వల్లేనని ఢిల్లీ. ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఇండియా మనిషిని నేను.

ఆరో తరగతి కుర్రాడొకడు లేచి, "మిస్, మా గ్యాస్ ఎందుకు ఆపేశారు?" అన్నాడు. ఆపేశారట! నేను ఊరుకుంటానా, బోర్డు మీద మ్యాప్ గీసి, ఇది ఇండియా వైపు రక్సౌల్, ఇది నేపాల్ వైపు బీర్‌గంజ్, మధ్యలో వంతెన మీద ఫలానావాళ్లు కూర్చున్నారు అని వివరించాను. వాడు ఓపిగ్గా విని, "అయితే వేరే దారిలో పంపొచ్చు కదా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ సాయంత్రం, నేనుంటున్న ఇంటి దిదీ (అక్కడ అక్కని అలా పిలుస్తారు) పచ్చి కట్టెలతో పొయ్యి రాజేస్తోంది. సిలిండర్ అయిపోయి నాలుగు రోజులు. ఇల్లంతా పొగ, ఆమె కళ్లు చింతనిప్పులు. నేను మళ్లీ అదే మ్యాప్ మొదలుపెట్టాను. ఆమె ఒక్క మాట అనలేదు. ఊదుగొట్టం నా చేతికిచ్చింది. ఊదాను. అన్నం ఉడికేదాకా ఊదుతూనే ఉన్నాను. తర్వాతి నెల దశైం (మన దసరా) పండక్కి, పెరుగులో కలిపిన ఎర్రటి అక్షతలు తన పిల్లలతో పాటు నా నుదుటికీ అద్దింది.

మీరడిగిన మార్పు నాలో ఏదైనా వచ్చిందంటే అదే. అంతవరకు ఎవరేమన్నా వెంటనే వాదనకు దిగేదాన్ని. ఇప్పుడు ఆఫీసులో క్లయింట్ విరుచుకుపడ్డా మొదటి నిమిషం ఏమీ మాట్లాడను. అమ్మ అయితే "దీనికి పొగరు తగ్గింది" అంటుంది. రెజ్యూమెలో రాసుకునే విషయం కాదనుకోండి.

ఇక జాగ్రత్తలు. నన్ను పంపిన మధ్యవర్తి సంస్థ తిండీ బసా పేరుతో ముప్పై వేలు తీసుకుంది. దిదీకి చేరింది అందులో పిసరంత అని చివర్లో తెలిసింది. మీరు కట్టేదాంట్లో ఆ ఇంటికి ఎంత వెళ్తుందో ముందే అడగండి, సమాధానం నసిగితే వదిలేయండి. అనాథాశ్రమాల జోలికి మాత్రం వెళ్లొద్దు. తల్లిదండ్రులున్న పిల్లల్నే ఊళ్ల నుంచి తెచ్చి, విదేశీ వాలంటీర్ల డబ్బుకోసం నడిపే ఆశ్రమాలు నేపాల్‌లో బయటపడ్డాయి. రెండు వారాల ట్రిప్పులూ వద్దు, పిల్లలు మన పేరు నేర్చుకునేలోపు మనం బస్సెక్కేస్తాం. హిందీ వస్తే నేపాలీ త్వరగా పట్టుబడుతుంది.

డిసెంబరు దాకా ఉండేట్టయితే మందపాటి రగ్గు తీసుకెళ్లండి. నేను రెండు స్వెట్టర్లతో వెళ్లి, రేకుల గదిలో వణికిపోయి, చివరికి దిదీ రగ్గు లాక్కున్నాను.