సేద్యం సందేహాలు: ట్రాక్టర్ ముందా, కొట్టం ముందా?

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్లు. మాది పాకాల దగ్గర పల్లె. మా ఆయన బెంగళూరులో పని చేస్తాడు. మూడెకరాల వర్షాధారపు చేను, కొంచెం మామిడి ఉన్నాయి. పోయినసారి బాడుగ ట్రాక్టర్ కోసం ఎదురుచూస్తూ పదును పోగొట్టుకున్నాం. అందుకే సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తీసుకుని నేనే నడపాలనుంది. నాలుగు ఆవులకు కొట్టం కూడా వేయాలి. నాకు రెండూ కొత్తే. ఎట్లా మొదలుపెట్టాలి? ఆడది ట్రాక్టరెక్కితే ఊరు నవ్వుతుందని మా అత్త అంటుంది.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చెల్లీ, నేర్చుకో, కానీ ఇప్పుడే కొనొద్దు. మూడెకరాలకు సొంత ట్రాక్టరంటే ఏడాదిలో ఎక్కువ రోజులు చెట్టు కింద నిలబడే ఉంటుంది. ఒక సీజన్ ఎవరి బండి మీదనైనా నేర్చుకుని, నాలుగు చేన్లు దున్ని చూసి, అప్పుడు ఆలోచించు.

నేను నేర్చుకున్నది 41వ ఏట, ఐరాల పక్కన మా ఊరి ఎండిన చెరువులో. నేర్పింది ఊరి పాత డ్రైవరు, నాకు వరసకు మామ. మూడు రోజులు ఇంజను స్టార్ట్ చేయనీయలేదు. ఊరికే కూర్చోబెట్టి క్లచ్, బ్రేకులు, వెనక పనిముట్టును ఎత్తి దించే హైడ్రాలిక్ లివర్ తడుముకోమన్నాడు. నాలుగో రోజు లో గేరులో బండి పోతుంటే పక్కనే నడిచాడు. మడ్‌గార్డు మీద మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. అక్కడి నుంచి జారితే నేరుగా పెద్ద చక్రం కిందికే అనేవాడు.

అంత నేర్పినా పొరపాటు చేశాను. ట్రాక్టర్ వెనక తగిలించిన ట్రక్కు నిండా ఎరువుతో మామిడి తోట వాలులో దిగుతూ, భయమేసి క్లచ్ తొక్కేశా. స్కూటీ అలవాటుతో బండి ఆగుతుందనుకున్నా. క్లచ్ తొక్కితే ఇంజను పట్టు తప్పిపోతుంది, వెనక బరువు ముందుకు తోసేస్తుంది. చేను గట్టు, అదే గెనిమ, అడ్డమొచ్చింది కాబట్టి రిమ్ము వంగడంతో పోయింది. వాలు మొదలు కాకముందే చిన్న గేరు వేసుకో. దిగేదాకా మళ్లీ గేరు జోలికి, క్లచ్ జోలికి పోవద్దు. న్యూట్రల్ అసలే వద్దు.

ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండు, వెనక చక్రానికొకటి. చేన్లో మూల మలుపుకు ఒక్కటే తొక్కుతాం. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపి గొళ్లెం వేయకపోతే, వేగంలో ఒక్కటి తొక్కినా బండి ఆ పక్కకే గిరుక్కున తిరిగి బోల్తా పడుతుంది. బురదలో దిగబడ్డ బండిని లాగాల్సి వస్తే గొలుసు నీ ట్రాక్టర్ వెనక కిందనున్న లాగుడు కమ్మీకే, అంటే డ్రాబార్‌కే కట్టు. పైన పనిముట్టు తగిలించే టాప్ లింకు కాడ కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ నీ మీదికే తిరగబడుతుంది.

ఇక చీర. మట్టిని గుల్ల చేసే రోటావేటర్‌ను ఇంజను బలంతో తిప్పే కడ్డీ, అదే పీటీఓ షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. కొంగు చిక్కిందంటే అయ్యో అనే లోపే అయిపోతుంది. నేను చుడీదార్ మీద మా ఆయన పాత చొక్కా వేసుకుని, జుట్టు ముడేసి గుడ్డ కట్టుకుంటా. షాఫ్టు తిరుగుతుంటే బండి దిగను.

దున్నడం పది రోజుల్లో వచ్చింది. ట్రక్కుతో రివర్స్‌కు మూడు వారాలు పట్టింది. ట్రక్కు ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. బుర్రకు అర్థమవుతుంది, చేతులే వినవు. పద్ధతిగా నేర్చుకోవాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. తారీఖులు ముందుగా ఫోన్లో కనుక్కుని పో. రోడ్డు మీద నడపాలంటే ముందు నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, అదే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకో, నెల తర్వాత లైసెన్స్ టెస్టుకు పోవచ్చు.

నన్నడిగితే ముందు కొట్టమే వెయ్. పాల డబ్బు వస్తుంటే ట్రాక్టర్ తొందర అదే తగ్గుతుంది. పొడుగు తూర్పు పడమరలుగా ఉంచు. ఎండ లోపలికి తక్కువ పడుతుంది. కార్తీకంలో తుపాను జల్లు ఎక్కువగా తూర్పు నుంచి కొడుతుంది కదా, ఆ చిన్న వైపు గోడ కడితే చాలు, పొడుగు వైపులు గాలికి వదిలెయ్. ఆవుకు నాలుగడుగుల వెడల్పు, మేత వేసే గాడి నుంచి వెనక కాలువ దాకా ఐదున్నర, ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో అంగుళంన్నర వాలు ఉండాలి. వాలు ఎక్కువైతే చూడి ఆవుకు ఇబ్బంది, తక్కువైతే మూత్రం నిలుస్తుంది.

మా మొదటి కొట్టంలో మేస్త్రీ ఇంటి వరండాలాగా నున్నగా సిమెంట్ తీశాడు. నేనూ ముచ్చటపడ్డా. నెల తిరగకముందే జెర్సీ ఆవు జారి తొంటి తప్పింది, మళ్లీ లేవలేదు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే ఈత చీపురుతో గీతలు గీయించు. పలుగూ పారా నువ్వే పట్టు. మట్టం చూసే నీళ్ల ట్యూబు రెండో కొస నీ చేతిలోనే ఉండనీ. ఒక్క కొట్టం అట్లా దగ్గరుండి వేస్తే, రెండోది వేసేటప్పుడు మేస్త్రీకి నువ్వే చెప్తావు.

మీ అత్త సంగతికొస్తే, కొట్టం ఎక్కడ వేయాలో ఆమెనే అడుగు. మీ దొడ్లో వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, జల్లు ఏ మూల నుంచి కొడుతుందో ఆమెకు తెలిసినంత ఏ మేస్త్రీకీ తెలియదు. ఆమె చెప్పిన చోటే ముగ్గు పోయించు. ట్రాక్టర్ మాట తర్వాత ఎత్తొచ్చు.