గుండె దడ వస్తే బస్సు దిగిపోవాలా?

ప్రశ్న: నా వయసు 31. నాలుగు నెలల క్రితం హైదరాబాద్ వెళ్తుంటే బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది. ఊపిరాడలేదు. వేళ్లు తిమ్మిరెక్కి వంకర్లు పోయాయి. చచ్చిపోతాననే అనుకున్నాను. సూర్యాపేటలో దిగి ఆస్పత్రికి పరుగెత్తితే ఈసీజీ తీసి, గ్యాస్ అని చెప్పి సెలైన్ ఎక్కించి పంపారు. తర్వాత టూడీ ఎకో, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ చేయించాను, ఏమీ లేదన్నారు. అయినా వారానికి రెండు మూడుసార్లు వస్తోంది. నీళ్ల సీసా, తమ్ముడు తోడు లేనిదే గడప దాటడం లేదు. ఏమీ లేకపోతే ఇదంతా ఎందుకు?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఏమీ లేదన్నది మీ గుండె గురించి. మీరు చెప్పిన లక్షణాలు, రిపోర్టులు చూస్తే ఇది పానిక్ డిజార్డర్‌లా ఉంది, అంటే ఉన్నట్టుండి తీవ్రమైన భయం ముంచెత్తే పానిక్ అటాక్‌లు పదేపదే వచ్చే జబ్బు. సైకియాట్రిస్టును కలిసి నిర్ధారించుకోండి. దీనికి మంచి చికిత్స ఉంది.

ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పారిపోవడానికి ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. పానిక్ అటాక్‌లో ఏ ప్రమాదమూ లేకుండానే అది విడుదలవుతుంది. దడ, చెమట, వణుకు దాని పనే. సాధారణంగా పది నిమిషాల్లోపు పతాక స్థాయికి చేరి, అరగంటలోపు దానంతటదే దిగిపోతుంది. ఆ రోజు సెలైన్ సీసా సగం అయ్యేసరికి నెమ్మదించి ఉంటారు. అది సెలైన్ మహిమ కాదు, ఎక్కించకపోయినా తగ్గేదే.

వేళ్లు వంకర్లు పోవడానికీ కారణం ఉంది. భయంలో వేగంగా ఊపిరి తీసి వదిలేస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా పడిపోతుంది. దాంతో రక్తంలో నరాలకు, కండరాలకు పనికొచ్చే కాల్షియం తగ్గి వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిర్లు వస్తాయి, వేళ్లు బిగుసుకుంటాయి. మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త ముడుచుకోవడంతో తల తేలిపోతుంది. అంటే, ఊపిరి చాలడం లేదనిపిస్తున్న ఆ సమయంలోనే మీరు అవసరానికి మించి పీలుస్తున్నారు. ఇంకా గట్టిగా పీలిస్తే తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి. ‘డీప్ బ్రీత్ తీసుకో’ అని పక్కవాళ్లిచ్చే సలహా చాలాసార్లు ఇలాగే బెడిసికొడుతుంది.

అటాక్ మొదలవగానే కూర్చున్నచోటే ఉండండి. చెయ్యి పొట్టమీద పెట్టుకుని, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ మామూలు మోతాదులోనే గాలి తీసుకోండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. పైకి లేవాల్సింది పొట్ట, ఛాతీ కాదు. నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున ఐదు నిమిషాలు చేయండి. నిమిష నిమిషానికీ నాడి పట్టి చూసుకోవద్దు. ‘ఇది పానిక్, దిగిపోతుంది’ అనుకోండి. దాన్ని అణచాలని పోరాడితే ఒంట్లో బిగువు ఇంకా పెరుగుతుంది.

అసలు చిక్కు నీళ్ల సీసా, తమ్ముడు, మధ్యలో దిగిపోవడం. దడ పతాక స్థాయిలో ఉండగా బస్సు దిగితే క్షణాల్లో హాయిగా ఉంటుంది. ‘దిగాను కాబట్టే బతికాను’ అని మెదడు రాసిపెట్టుకుంటుంది. మరుసటిసారి బస్సు చూడగానే హెచ్చరిస్తుంది. అందుకే తిరుగు ప్రయాణం మెట్లుమెట్లుగా ఉండాలి. మొదట తమ్ముడితో సిటీ బస్సులో రెండు స్టాపులు. తర్వాత తను వెనక సీట్లో, మీరు ముందు. ఆపైన ఒంటరిగా, తర్వాత సీసా లేకుండా, చివరికి సూర్యాపేట దాకా. భయం సగానికి తగ్గేదాకా ఒక్కో మెట్టును వారంలో నాలుగైదుసార్లు చేయండి. దడ వస్తే రానివ్వండి, దిగకండి. చాలామంది రెండు రోజులు బాగుండగానే ఏకంగా చివరి మెట్టుకు దూకి, అటాక్ వచ్చాక మొత్తం మానేస్తారు.

ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మానసిక చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఈ దడనే కావాలని తెప్పిస్తారు: ఒక నిమిషం నిలబడ్డచోటే పరుగు, ఒక నిమిషం తిరిగే కుర్చీలో గిరగిరా, ఒక నిమిషం సన్నని స్ట్రా గుండా శ్వాస. దడ ప్రమాదం కాదని ఒంటికి అలా తెలిసివస్తుంది. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు. క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర వారానికొకటి చొప్పున పది పన్నెండు సెషన్లు సాధారణంగా పడతాయి. టీ, కాఫీలు ఎక్కువైతే తగ్గించండి. కెఫీన్ తెచ్చే దడా అచ్చం ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: మా ఆయన పానిక్ అటాక్‌లకు పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఆల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్రలు కొని ఎనిమిది నెలలుగా రాత్రిపూట వేసుకుంటున్నారు. ఒక్కరోజు మానితే వణుకు, నిద్ర ఉండదు. కొత్త డాక్టర్ ఎస్‌సిటలోప్రామ్ రాశారు. నాలుగు రోజులు వేసుకుంటే దడ పెరిగిందని ఆపేశారు. ఏది సరైనది?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: రెండో మందే దీర్ఘకాలానికి పనికొచ్చేది. ఆల్ప్రజోలం గంటలోపే నెమ్మది తెస్తుంది, కొన్ని గంటల్లో దాని ప్రభావం దిగిపోతుంది. వారాల తరబడి వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. అలాగని ఇవాళే ఆపించేయకండి, ఒక్కసారిగా మానితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సైకియాట్రిస్ట్ చెప్పినట్టు వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. అది వేసుకున్న రాత్రి మద్యం ముట్టకూడదు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

ఎస్‌సిటలోప్రామ్ మొదలుపెట్టిన తొలి వారం రెండు వారాలు కొందరిలో కంగారు పెరుగుతుంది. అందుకే పానిక్‌కు తరచు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10 చేస్తారు. ఆయనకు ఎంత రాశారో చూసి, దడ సంగతి డాక్టర్‌కు చెప్పండి. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడి, మెల్లగా తగ్గించాలి. బాగైన నెలకే మానేసినవాళ్లలో తిరగబెట్టడం మామూలే.

ప్రశ్న: అటాక్ వస్తే కాగితం సంచిలో ఊపిరి పీల్చమంటున్నారు. మంచిదేనా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దు. అది పానిక్ కాక ఆస్తమానో గుండెపోటో అయితే, అసలే తక్కువైన ఆక్సిజన్‌ను సంచి ఇంకా తగ్గిస్తుంది. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ, పొగ తాగే అలవాటు ఉన్నవాళ్లు తొలిసారి వచ్చిన ఛాతీ నొప్పిని పానిక్ అని తామే తేల్చుకోకూడదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొక్కేసే నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గడం ఉంటే ఏ వయసువారైనా ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పి తగ్గకుండా ఉంటే 108కి ఫోన్ చేయాలి. గుండె బాగుందని తేలాక, భయం గురించి మాట్లాడటానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.