రాత్రి పదిన్నరకి ఎలక్ట్రిక్ గిటార్: ఆంప్ పక్కన పెట్టండి, ఆ లింక్ మాత్రం తెరవకండి

ప్రశ్న: కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. ఆఫీసు నుంచి వచ్చి, బాబు పడుకున్నాకే గిటార్ పట్టుకోవడానికి వీలవుతుంది. 15 వాట్ల ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) ఉంది. సౌండ్ ఎంత తగ్గించినా కింది ఫ్లాట్ వాళ్లు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు పెడుతున్నారు. స్విచ్ బోర్డు ఉన్న గోడకి గుడ్ల ట్రేలు అంటించాను, లాభం లేదు. చౌకలో యూఎస్‌బీ గిటార్ కేబుల్ కొని ల్యాప్‌టాప్‌కి పెడితే, తీగ మీటాక కాసేపటికి వినిపిస్తోంది. ఒక ఫ్రెండ్ టెలిగ్రామ్ లింక్ పంపాడు. ఖరీదైన గిటార్ ప్లగిన్లన్నీ (ల్యాప్‌టాప్‌లో ఆంప్ పని చేసే సాఫ్ట్‌వేర్లు) అందులో ఫ్రీ అట. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపమని ఉంది. ఆపొచ్చా?

జవాబు: ఆపకండి. ఫైల్ ఇప్పటికే దిగి ఉంటే, తెరవకుండా డిలీట్ చేసేయండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

ఇదే ప్రశ్న విజయవాడ నుంచి వచ్చింది, విశాఖ నుంచి వచ్చింది, ఆ మధ్య డాలస్‌లో ఉంటున్న ఒకాయన నుంచీ వచ్చింది. ఊరు మారుతోంది. కింది ఇంటివాళ్ల కోపం, ఆలస్యంగా వినిపించే తీగ, చివర్లో ఉచితం అనే లింక్, ఇవి మాత్రం మారడం లేదు.

ముందు కింది ఫ్లాట్ వాళ్ల సంగతి. తప్పు వాళ్లది కాదు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్‌కి ఒక్క వాట్ అందితే చాలు, మీటరు దూరంలో 95 డెసిబెల్స్ దాకా వస్తుంది. 15 వాట్లది అమ్మేసి ఒక వాట్‌ది కొంటే సరిపోతుందా అని చాలామంది అడుగుతుంటారు. దానివల్ల తగ్గేది 12 డెసిబెల్స్ మాత్రమే. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. కాబట్టి శబ్దం సగానికి తగ్గినా, కింద పడుకున్నవాళ్లకి అది ఇంకా ఎక్కువే. పైగా నేల మీద పెట్టిన ఆంప్ నుంచి లావు తీగల అదురు స్లాబ్‌లోంచి నేరుగా కిందికి దిగుతుంది.

గుడ్ల ట్రేలు గది లోపలి ప్రతిధ్వనిని కొంచెం మింగుతాయి, గోడ దాటే శబ్దాన్ని ఆపలేవు. దాన్ని ఆపాలంటే గోడకి బరువు ఉండాలి, తలుపులకీ కిటికీలకీ సందులు ఉండకూడదు. స్విచ్ బోర్డు పక్కన ఎండు అట్టలు ఉండటం నాకు నచ్చలేదు. వాటిని ఈ రోజే పీకేయండి.

ఆంప్ లేకుండానే రికార్డ్ చేయొచ్చు. గిటార్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (గిటార్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే చిన్న పెట్టె), అక్కణ్నుంచి ల్యాప్‌టాప్‌కి, ల్యాప్‌టాప్‌లో ఆంప్ పని చేసే ప్లగిన్, చివర హెడ్‌ఫోన్స్. ఇంతే. మామూలు ఇంటర్‌ఫేస్ పది వేల రూపాయల లోపు దొరుకుతుంది. కొనేటప్పుడు ఒకటే చూడండి: గిటార్ కోసం వేరుగా ‘ఇన్‌స్ట్రుమెంట్’ అని గానీ ‘హై జెడ్’ అని గానీ గుర్తు ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. గిటార్ పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనమైనది. దానికి ఇంపెడెన్స్ (కరెంటుని అడ్డుకునే గుణం) ఒక మెగా ఓమ్ దరిదాపుల్లో ఉన్న ఇన్‌పుట్ కావాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే పై స్థాయి మెరుపంతా పోయి, దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. మీ చౌక కేబుల్‌తో గొడవ సగం అదే అయ్యుండాలి.

మిగతా సగం లేటెన్సీ, అంటే తీగ మీటాక శబ్దం వినిపించేదాకా పట్టే ఆలస్యం. కంప్యూటర్ శబ్దాన్ని చుక్కచుక్కగా కాకుండా గిన్నెలో పట్టి ఒకేసారి పోస్తుంది. ఆ గిన్నె పేరే బఫర్. సెకనుకి 48,000 శాంపిల్స్ (శబ్దపు కొలతలు) చొప్పున రికార్డ్ చేస్తుంటే, 1024 శాంపిల్స్ బఫర్ నిండటానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. అంటే 40 పైనే. అదే 128 పెడితే ఒక్కో వైపు 3 మిల్లీసెకన్లలోపే. శబ్దం గాలిలో ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు వెళ్తుంది. కాబట్టి మొత్తం మీద 10 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్నా, ఆంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టే ఉంటుంది. స్టేజీ మీద అది మామూలే. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్‌తో పాటు వచ్చే ఏషియో డ్రైవర్ (ఆ ఆలస్యాన్ని తగ్గించే చిన్న సాఫ్ట్‌వేర్) వేసుకుని, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్నే ఎంచుకోండి. ఈ ఒక్క పని చేయక నెల రోజులు టెన్షన్ పడినవాళ్లు నాకు తెలుసు. బఫర్ తగ్గిస్తే చిటపటలు వినిపిస్తాయి. అప్పుడు ఒక మెట్టు పైకి వెళ్లండి. ఇంటర్‌ఫేస్‌లో ‘డైరెక్ట్ మానిటర్’ బటన్ ఉంటే ఆపేయండి. లేకపోతే ఉత్త గిటార్, ఆంప్ శబ్దం రెండూ కలిసి వినిపిస్తాయి.

హెడ్‌ఫోన్స్ వైరున్నవే కావాలి. బ్లూటూత్‌లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం చాలా మామూలు. సినిమా చూసేటప్పుడు ప్లేయర్ బొమ్మని కూడా ఆలస్యం చేసి సరిపెడుతుంది కాబట్టి అది తెలియదు. మన వేళ్లని ఏ సాఫ్ట్‌వేరూ ఆలస్యం చేయలేదు. ఫోన్ల నుంచి హెడ్‌ఫోన్ రంధ్రం తీసేసినప్పటి నుంచి ఇంట్లో వైరు హెడ్‌ఫోన్స్ అనేవే లేకుండా పోయాయి. అది వాడేవాళ్ల మేలు కోరి తీసుకున్న నిర్ణయమని నేను నమ్మను. ఇంకో సంగతి. పాదంతో తాళం వేసే అలవాటుంటే కింద మందపాటి దుప్పటి మడిచి వేసుకోండి. హెడ్‌ఫోన్స్‌లో ఉన్న మీకు ఆ టక్‌టక్ వినిపించదు, కింద పడుకున్నవాళ్లకి వినిపిస్తుంది.

ఇక ఆ లింక్.

ప్లగిన్ అంటే చాలామంది ఎంపీ3 లాంటిదో, రింగ్‌టోన్ లాంటిదో అనుకుంటున్నారు. కాదు. అది పూర్తి స్థాయి ప్రోగ్రామ్. మీ పేరు మీద, మీకున్న అనుమతులన్నిటితో నడుస్తుంది. మీరు తెరవగల ప్రతి ఫోల్డర్‌నీ అదీ తెరవగలదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ అనుమతికి ‘యస్’ నొక్కారంటే, ఇక ఆ ల్యాప్‌టాప్‌లో దానికి అడ్డం లేదు.

మా పక్క ఫ్లాట్ కుర్రాడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, గిటార్ బాగా వాయిస్తాడు. ఒక రోజు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో మూడు ఫైళ్లు ఉన్నాయి: సెటప్, ప్యాచ్, ‘ముందు ఇది చదవండి’ అని ఒక టెక్స్ట్ ఫైలు. అందులో మొదటి లైను యాంటీవైరస్ ఆపమని, రెండోది నెట్ ఆపవద్దని. ఆ రెండో లైను చూసి నాకు గుండె జారింది. క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టిన సాఫ్ట్‌వేర్‌కి నెట్‌తో పనేముంది? ఇన్‌స్టాల్ చేసిన నాలుగో రోజు అతని ఇన్‌స్టాగ్రామ్ నుంచి క్రిప్టో ప్రకటనలు వెళ్లాయి. రెండంచెల భద్రత పెట్టుకున్నాడు, అయినా ఒక్క ఓటీపీ కూడా రాలేదు. ఎందుకంటే ఆ దొంగలు లాగిన్ అవలేదు. ఒకసారి లాగిన్ అయ్యాక, మళ్లీ మళ్లీ అడగకుండా బ్రౌజర్ దాచుకునే కుకీ ఉంటుంది, దాన్ని ఎత్తుకెళ్లారు. ఆ కుకీ చేతిలో ఉంటే వెబ్‌సైట్ దృష్టిలో వాళ్లే మీరు. పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా అలాగే పోతాయి. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. మీది ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే, పోయేది మీ ఒక్కరి ఖాతాలే కావు.

దొంగలు సంగీతం చేసేవాళ్లనే ఎందుకు ఎంచుకుంటారు అంటారా? దానికి కారణం ఉంది. 2019లో ఈసెట్ అనే భద్రతా సంస్థ ‘లౌడ్‌మైనర్’ అనే దొంగ ప్రోగ్రామ్‌ని బయటపెట్టింది. క్రాక్ చేసిన సంగీత సాఫ్ట్‌వేర్‌లో, ప్లగిన్లలో దాన్ని పెట్టి పంచారు. ఒకే సైట్‌లో 137 ప్యాకేజీలు దొరికాయి, 95 మ్యాక్‌కి, 42 విండోస్‌కి. మ్యాక్‌కి వైరస్‌లు రావని నమ్మేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి. అది ల్యాప్‌టాప్ లోపల చప్పుడు లేకుండా ఇంకో చిన్న లైనక్స్ కంప్యూటర్‌ని నడుపుతూ, మొనెరో అనే క్రిప్టో నాణేలు తవ్వుకునేది. సంగీతం చేసేవాళ్ల దగ్గర బలమైన మెషీన్లు ఉంటాయి. ఫ్యాన్ గట్టిగా తిరిగినా ప్లగిన్ భారం వల్లే అనుకుని ఊరుకుంటారు. అది వాళ్ల లెక్క.

ఒకవేళ ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే, అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోదు. ల్యాప్‌టాప్‌కి నెట్ తీసేయండి. ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత మిగతావి మార్చండి. ప్రతి చోటా ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ తప్పకుండా నొక్కండి. పాత కుకీ చెల్లకుండా పోయేది అలాగే. మీ రికార్డింగ్ వేవ్ ఫైళ్లు మాత్రం బయటికి కాపీ చేసుకుని, విండోస్ మొత్తం కొత్తగా వేసుకోండి. డబ్బు పోయి ఉంటే ఒక్క గంట కూడా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంతా చెప్పాక అమ్మేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్‌కి ఒక ఖాతా, దాని లైసెన్స్‌కి ఇంకో ఖాతా, రెండిటికీ కలిపి ఎప్పుడూ వెనక నడుస్తూ ఉండే ఒక అప్‌డేటర్. ల్యాప్‌టాప్ మారిస్తే మళ్లీ మొదటి నుంచి. నేను కొన్న ఒక ప్లగిన్ ఇన్‌స్టాల్ కాకపోతే, దాని సహాయ పేజీలో ఇచ్చిన మొదటి సలహా ఏమిటో తెలుసా? యాంటీవైరస్ తాత్కాలికంగా ఆపమని! దొంగ లింక్‌లో ఉన్న మాటే అసలైన కంపెనీ పేజీలోనూ ఉంటే, మీలాంటివాళ్లు రెండిటినీ ఎలా వేరు చేస్తారు? తమ ఇన్‌స్టాలర్‌ని సరిగ్గా తయారు చేసుకోలేక, వాడేవాడి తలుపు తెరిచి పెట్టమనడం నాకు బొత్తిగా మింగుడుపడలేదు. అలా అడిగిన సాఫ్ట్‌వేర్‌ని, ఎంత పేరున్నదైనా సరే, నేను ఇన్‌స్టాల్ చేయను. మీరూ చేయకండి, డబ్బు వెనక్కి అడగండి.

అసలు దొంగ లింక్‌తో మీకు అవసరమే లేదు. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ప్లగిన్ ఓపెన్ సోర్స్, ఉచితం. నిజమైన ఆంప్‌ల గుణాన్ని పట్టిన ఫైళ్లని దానికోసం ఎంతోమంది ఉచితంగా పంచుతున్నారు. మ్యాక్ ఉంటే గరాజ్‌బ్యాండ్‌లోనే ఆంప్‌లు ఉన్నాయి. విండోస్‌లో రికార్డింగ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు, తర్వాత వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. ప్లగిన్‌లో స్పీకర్ పెట్టె పని చేసే ‘ఇంపల్స్ రెస్పాన్స్’ ఫైల్ వేయడం మరిచిపోకండి. అది లేకపోతే డిస్టార్షన్ పెట్టగానే కందిరీగల రొదలా ఉంటుంది. గట్టిగా మీటినప్పుడు రికార్డింగ్ మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (సిగ్నల్ పెంచే బటన్) పెట్టుకోండి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తుంటే సౌండ్ తక్కువైపోతుందన్న భయం అక్కర్లేదు.

ప్రశ్న: ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్‌తోనే వాయిస్తున్నాను. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పెడితే గుయ్‌మంటోంది. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతోంది. ఒక్కోసారి వేళ్లకి జిల్లుమంటోంది. - వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మొదటి రెండూ మామూలే. తీగలు బ్రిడ్జి మీదుగా గిటార్ గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి, అందుకే చెయ్యి పెడితే రొద తగ్గుతుంది. సింగిల్ కాయిల్ పికప్‌లు మన కరెంటులోని 50 హెర్ట్జ్ హమ్‌ని (గుయ్‌మనే రొదని) బాగా పట్టుకుంటాయి. కుర్చీని కొంచెం కొంచెంగా తిప్పుతూ, రొద తక్కువగా ఉన్న కోణం చూసుకుని కూర్చోండి, ల్యాప్‌టాప్‌కి దూరంగా.

మూడోది మాత్రం వదిలేయకూడదు, అమ్మా. జిల్లుమనడం అంటే ఛార్జర్ నుంచి లీకైన కరెంటుకి భూమిలోకి దారి దొరక్క, మీ చేతి మీదుగా వెళ్తోందని. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా, వెనక ఎర్త్ వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆ ఒక్క సాకెట్‌కి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో టెస్ట్ చేయించండి. రొద పోతుందని ఎవరైనా ప్లగ్‌లో లావు పిన్ను విరిచేయమంటే వినకండి. ఆయన వచ్చి చూసేదాకా ఛార్జర్ తీసేసి, బ్యాటరీ మీదే వాయించుకోండి.