జపాన్‌లో అటామి అనే వేడినీటి బుగ్గల ఊరు దివాలా అంచు నుంచి ఎలా కోలుకుంది?

పర్యాటకులు తిరిగొచ్చారు, జనాభా మాత్రం రాలేదు.

అటామి టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో ముప్పావుగంట దూరం. 1960లలో కొత్త జంటలకీ, కంపెనీలు ఉద్యోగుల్ని గుంపుగా తీసుకెళ్లే విహారయాత్రలకీ పెట్టింది పేరు. పెద్ద హోటళ్లేమో అతిథి గడప దాటకుండా తిండి, స్నానం, పాట, మందు అన్నీ లోపలే అమర్చాయి. ఊరి బజారును ముందుగా దెబ్బతీసింది అదేనని నా అభిప్రాయం. 1990లలో కంపెనీ యాత్రలు తగ్గి హోటళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2006లో నగరపాలక సంస్థే ఆర్థిక సంక్షోభం ప్రకటించింది. ఒకప్పుడు ఏటా 50 లక్షలు దాటిన, ఊళ్లో బస చేసేవాళ్ల సంఖ్య 2011 నాటికి సగానికి పడిపోయింది.

టోక్యోలో ఉద్యోగం వదిలి సొంతూరికి వచ్చిన ఇచికి కోయిచిరో ముందు స్థానికులకే ఊరు చూపించడం మొదలుపెట్టాడు. ఇక్కడ చూడ్డానికేముందని పెదవి విరిచేది వాళ్లే మరి! తర్వాత అటామి గింజా వీధిలో ఖాళీ దుకాణాలు తీసుకుని 2012లో కాఫీ షాపు, 2015లో గెస్ట్‌హౌస్ తెరిచాడు. గెస్ట్‌హౌస్‌లో రాత్రి భోజనం పెట్టరు, తినాలంటే బజారుకెళ్లాల్సిందే. అసలు కిటుకు ఇదే. నగరపాలక సంస్థ మరోవైపు టీవీ షూటింగులకు కావలసిన ఏర్పాట్లు ఉచితంగా చేసిపెట్టి ప్రచారం రాబట్టింది. 2015కల్లా బస చేసేవాళ్ల సంఖ్య మళ్లీ 30 లక్షలు దాటింది.

1965 ప్రాంతంలో 54 వేలున్న జనాభా మాత్రం ఇప్పుడు 35 వేల లోపే. అందులో దాదాపు సగం మంది 65 దాటినవాళ్లు.