పీహెచ్‌సీకి కావలసిన డబ్బు ఎవరు అడుగుతారు, ఎవరు కోస్తారు?

మీరు అడిగినవి రెండు. ఆరోగ్య శాఖ వచ్చే ఏడాదికి ఇన్ని వేల కోట్లు కావాలని ప్రతిపాదన పంపినట్టు పేపర్లో చదివారు, ఆ అంకె ఎవరు వేస్తారన్నది ఒకటి. మీ ఊరి పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, జనరేటర్ పాడై రెండేళ్లయింది, ఆ వేల కోట్లలో మీ జనరేటర్ ఉందా లేదా అన్నది రెండోది. రెండోదానికి ముందే చెప్పేస్తాను, చాలావరకు ఉండి ఉండదు. పైన ఎవరో కోసేసి ఉంటారని మీరు రాశారు కానీ, నా అనుభవంలో అంత దూరం కూడా వెళ్లదు, కింద ఎవరూ రాయరు, అంతే.

నేను 2009 నుంచి పదేళ్లు ఒక జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో కాంట్రాక్టు మీద అకౌంట్స్ చూశాను. జిల్లా పేరు వద్దు, సగం మైదానం, సగం ఏజెన్సీ అనుకోండి చాలు. కాబట్టి సెక్రటేరియట్‌లో కూర్చుని చూసినవాడి జవాబు కాదు ఇది, ఎక్సెల్ షీట్లు నింపినవాడి జవాబు.

ముందు ఒక తికమక తీర్చాలి. శాఖ అడిగే డబ్బు ఒక్క సంచీలోది కాదు. ఒకటి రాష్ట్ర బడ్జెట్. ఏటా శరదృతువు దాటుతుండగా ఆర్థిక శాఖ నుంచి సర్క్యులర్ వస్తుంది, శాఖాధిపతులు ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా రెండూ పంపుతారు. బడ్జెట్ పుస్తకాల్లో 2210 అని కనిపిస్తే వైద్యం, ప్రజారోగ్యం, 2211 అంటే కుటుంబ సంక్షేమం, 4210 అంటే భవనాలూ పరికరాల్లాంటి పెట్టుబడి ఖర్చు. ఈ నంబర్లు దేశమంతా ఒకటే, తమిళనాడు పుస్తకం తెరిచినా అవే. అసెంబ్లీలో పద్దుల మీద చర్చ అంటారే, అది వీటి మీదే. ఇందులో పెద్ద వాటా జీతాలకు పోతుంది. ఎంతమంది, ఏ పే స్కేల్, ఎన్ని ఖాళీలు అని నంబర్ స్టేట్‌మెంట్ ఒకటి కడతాం, ఆఫీసంతా వారం రోజులు దాని మీదే పడి ఉంటుంది. జీతాల లెక్క తప్పితే ఊరుకోరు కాబట్టి దానికంత శ్రద్ధ. మిగతా గడులకు గతేడాది అంకె తీసుకుని పది శాతం కలపడమే.

మా సూపరింటెండెంట్ గారు రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ మనిషి, నేను కొత్తలో ప్రతి గడికీ లెక్క వేయబోతే నవ్వేవారు. "ఏమయ్యా, పది కావాలంటే పదిహేను అడగాలి, వాళ్లు ఎనిమిదిస్తారు. మనం పదిహేను అడుగుతామని వాళ్లకూ తెలుసు, ఎందుకీ కష్టం నీకు" అనేవారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఇలా బేరం పద్ధతిలో నడిచిన చోట, నిజంగా పదిహేను కావాల్సిన పీహెచ్‌సీకీ, పదితో సరిపోయే పీహెచ్‌సీకీ ఒకే కోత పడుతుంది. పేపర్లో వచ్చే ఆ పెద్ద అంకె ఇలాంటి గడులన్నీ కూడితే వచ్చేదే, అందుకే దాన్ని చూసి నేను పెద్దగా ఆశ్చర్యపోను.

రెండో సంచి జాతీయ ఆరోగ్య మిషన్. 2005 ఏప్రిల్‌లో గ్రామీణ మిషన్‌గా మొదలైంది, 2013లో పట్టణాలదీ కలిశాక ఇప్పుడున్న పేరు వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో 2015-16 నుంచి కేంద్రం 60, రాష్ట్రం 40. మీ జనరేటర్, ఆశాల పారితోషికం, టీకాల రవాణా, కాంట్రాక్టు నర్సుల జీతం ఇలాంటివన్నీ ఎక్కువగా ఈ సంచీ మీదే నడుస్తాయి. దీనికోసం రాష్ట్రం కేంద్రానికి పంపే కోరికల పట్టీని పిప్ అంటాం. పద్ధతి ప్రకారం పీహెచ్‌సీ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్లాలి. ఢిల్లీలో సమన్వయ కమిటీ ముందు రాష్ట్రం వాళ్లు కూర్చుని వాదించుకుంటారు, ఆ తర్వాత ఏది ఒప్పుకున్నారు, ఏది లేదు అని ఆర్‌ఓపీ అనే పెద్ద పత్రం వస్తుంది. మా కాలంలో ఇది ప్రతి ఏటా నడిచే తతంగం, 2022 నుంచి రెండేళ్లకోసారి చేశారు, 2022-24, 2024-26 అలా. ఇంకో సంగతి, ఎంత వస్తుందో రాష్ట్రానికి ముందే తెలుసు. కేంద్రం వాటా, రాష్ట్రం వాటా, ఖర్చు కాకుండా మిగిలిన పాత డబ్బు కలిపి ఇంత అని ఒక హద్దు చెప్పేస్తారు, దానికి కాస్త అటూ ఇటూగా పట్టీ సర్దాలి. అంటే అవసరాలు కూడితే అంకె రావాల్సింది పోయి, అంకెకు సరిపడా అవసరాలు ఏరతాం.

ఇక నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ జనరేటర్ కథ కూడా ఇదే అయి ఉండొచ్చు.

బుధవారం, శనివారం టీకాలు వేస్తారని మీకు తెలుసుగా. పీహెచ్‌సీలో ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్ నుంచి టీకాలను ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బాలో ఊళ్లకు చేరవేయాలి, మోసినవాళ్లకు సెషన్‌కు ఇంత అని ఇస్తారు. పిప్ షీట్‌లో దీనికి రెండు వరుసలు ఉండేవి, మామూలు సెషన్లు ఒకటి, హార్డ్ టు రీచ్ అంటే వెళ్లడం కష్టమైన చోట్లవి ఒకటి. రెండో వరుసకు రేటు ఎక్కువ. నేను చేసిందేమిటంటే, ఒక మైదాన ప్రాంతం పీహెచ్‌సీ షీట్ నింపి, పని తొందరగా అవుతుందని దాన్నే కాపీ చేసి మిగతా వాటికి జనాభా మార్చుకుంటూ పోయాను. మైదానం షీట్‌లో రెండో వరుసలో సున్నా ఉంది. ఆ సున్నా కొండ మీది పీహెచ్‌సీకి కూడా వెళ్లిపోయింది. ఎవరూ పట్టుకోలేదు, జిల్లాలో సంతకం అయింది, రాష్ట్రంలో కూడిక అయింది, మొత్తం టోటల్ సరిగ్గానే ఉంది మరి. రెండేళ్లు అలాగే నడిచింది.

మూడో ఏడు ఆ పీహెచ్‌సీకి కొత్తగా ఒక మెడికల్ ఆఫీసర్ వచ్చారు, చిన్నవయసు ఆవిడ. రివ్యూ మీటింగ్‌కు వచ్చి తిన్నగా నా టేబుల్ దగ్గరికి వచ్చారు. "ఏమండీ, మా దగ్గర హార్డ్ టు రీచ్ సెషన్లు సున్నా అని ఎవరు రాశారు?" అన్నారు. ఆవిడ వెనకాల ఏఎన్ఎం, అంటే ఊళ్లకు వెళ్లి టీకాలు వేసే నర్సు కూడా ఉంది. షీట్ తెరిచి చూశాను, సున్నా. నోట మాట రాలేదు. ఆ ఏఎన్ఎం రెండేళ్లుగా వాగు దాటించే మనిషికి ఇవ్వాల్సిన తేడా తన చేతి డబ్బుతో ఇస్తోందట. ఎక్కడా కంప్లైంట్ రాయలేదు, రాస్తే సెషన్లు మానేశావా అని అడుగుతారని భయం.

"సార్, ఇచ్చిన డబ్బులు వెనక్కి వస్తాయా?" అని అడిగింది ఆ ఏఎన్ఎం. రావు. మంజూరు కాని వరుసలో ఖర్చు చూపిస్తే ఆడిట్‌లో అడ్డంగా దొరుకుతాం. అదే చెప్పాను. "పోనీలెండి సార్, ఈసారైనా సున్నా పెట్టకండి" అని వెళ్లిపోయింది. కోప్పడి ఉంటే బావుండేదనిపించింది.

ఆ ఏడాది ఆ డాక్టరమ్మ పంపిన కాగితం ఇప్పటికీ గుర్తుంది. పదకొండు గూడేల పేర్లు, పీహెచ్‌సీ నుంచి ఎన్ని కిలోమీటర్లు, అందులో నడక ఎంత, ఏ నెలల్లో వాగు వస్తుంది, గూడెంలో ఏడాది లోపు పిల్లలు ఎంతమంది, గతేడాది ఎన్ని సెషన్లు తప్పిపోయాయి. ఒకే ఒక్క పేజీ. ప్రతి పీహెచ్‌సీ షీట్‌లో అంకె పక్కన రిమార్కుల గడి ఉంటుంది, అందులో ఈ పేజీని మూడు వాక్యాలుగా కుదించి రాశాం. రాష్ట్రంలో ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా పాసైంది. అదే ఏడు పక్క పీహెచ్‌సీ వాళ్లు అంతకంటే పెద్ద అవసరమే అడిగారు, అంబులెన్స్ వెళ్లలేని దారిలో గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న ఊళ్లకు వాహనం కావాలని. రిమార్కుల గడిలో రాసింది ఒకే మాట, "అవసరం". అది తిరిగొచ్చింది, కారణం చూపలేదని. ఆ కోరిక అన్యాయమైనది కాదు, పైన చదివినవాడు చెడ్డవాడూ కాదు. అతని ముందు అలాంటి "అవసరం"లు వందలు ఉంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే ఎవరైనా బడ్జెట్ తక్కువిచ్చారు అంటే నేను మొదట అడిగేది, ఆ గడిలో ఏం రాశారు అని.

మంజూరు అయిందంటే డబ్బు వచ్చిందని కాదు, అదింకో తలనొప్పి. కేంద్రం వాటా రాష్ట్ర ఖజానాకు వస్తుంది, అక్కడి నుంచి రాష్ట్రం తన వాటా కలిపి మిషన్ ఖాతాకు పంపాలి, ఇక్కడ నెలలు గడిచిన సందర్భాలు చాలానే చూశాను. ఫిబ్రవరి, మార్చిల్లో డబ్బు పడితే మార్చి 31 లోపు ఏం కొనగలం? కొన్ని ఏళ్లు ట్రెజరీ ఫ్రీజింగ్ అని చెల్లింపులు ఆపేస్తే బిల్లులు అక్కడే నిలిచిపోయేవి. ఖర్చు కాకపోతే యూసీ, అదే వినియోగ పత్రం ఇవ్వలేం, యూసీ లేకపోతే తర్వాతి వాయిదా రాదు, మిగిలిపోయిన డబ్బు వచ్చే ఏటి హద్దులో కలిసిపోతుంది. అంటే ఆలస్యంగా ఇచ్చినందుకు శిక్ష అనుభవించేది ఆలస్యంగా అందుకున్నవాడే. 2021 నుంచి రాష్ట్రం మొత్తానికి ఒకే నోడల్ ఖాతా, కింద అందరికీ డబ్బు నిల్వ ఉండని జీరో బ్యాలెన్స్ ఖాతాలు అన్న పద్ధతి వచ్చింది. దానివల్ల డబ్బు ఊరూరా ఖాతాల్లో మూలగడం తగ్గిందని ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లు చెబుతున్నారు, ఖాతాలో లేనప్పుడు ఎదురుచూపు మాత్రం అదే అంటున్నారు. మా రోజుల్లో పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే సబ్‌సెంటర్ డబ్బు ఏఎన్ఎం, సర్పంచ్ జాయింట్ ఖాతాలో ఉండేది. సర్పంచ్ గారి సంతకం కోసం పొలం గట్ల మీద తిరిగిన ఏఎన్ఎంల కథలు ఇంకో జవాబుకు సరిపడా ఉన్నాయి. ఏడాదికి 20,000, అంటే నెలకు 1,700 కూడా రాదు, దానికోసం అంత తిరుగుడు.

ఇప్పుడు మీ జనరేటర్. అది రిపేర్‌తో పోయేదా, కొత్తది కావాలా అన్నది ముందు తేల్చుకోండి. రిపేర్ అయితే ఢిల్లీ దాకా అక్కర్లేదు. పీహెచ్‌సీకి అన్‌టైడ్ (ఫలానా దానికే అని కట్టెయ్యనివి), మరమ్మతులు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులు కలిపి ఏడాదికి 1,75,000 దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. సంఘం అంటే హెచ్‌డీఎస్, అందులో ప్రజాప్రతినిధులూ ఉంటారు, తీర్మానం చేసి ఖర్చు పెట్టుకోవచ్చు. ఆ సంఘం చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి, చాలా చోట్ల మినిట్స్ పుస్తకంలోనే కూర్చుంటుంది.

కొత్తది కావాలంటే జిల్లా ప్రణాళికలోకి ఎక్కాలి. మీ రాష్ట్రం ఆర్‌ఓపీ జాతీయ ఆరోగ్య మిషన్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. వందల పేజీలు చూసి బెదిరిపోకండి, మీకు కావాల్సింది ఒక వరుసే, అడిగింది ఎంత, ఒప్పుకున్నది ఎంత, పక్కన ఏమన్నారు. అందులో పీహెచ్‌సీ పేరు ఉండదు, రాష్ట్రం మొత్తానికి కలిపే ఉంటుంది, కాబట్టి మీ పీహెచ్‌సీ నుంచి ఏం వెళ్లిందో తెలియాలంటే జిల్లా ఆఫీసులో అడగాలి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, "జనరేటర్ ఎందుకు ఇవ్వలేదు" అని కాదు, ఆ ప్రశ్నకు "నిధులు లేవు" అని ఒక ముక్క రాసి పంపేస్తారు. "ఫలానా పీహెచ్‌సీ నుంచి గత రెండు ప్రణాళికలకు పంపిన ప్రతిపాదన కాపీ ఇవ్వండి" అని అడగండి. కాపీ ఇవ్వాలి, లేదా అలాంటిదేదీ రాలేదని రాసివ్వాలి. ఏదొచ్చినా మీకు పనికొస్తుంది. రెండేళ్ల ప్రణాళిక మధ్యలో ఉన్నా మరీ అవసరమైతే అనుబంధ ప్రతిపాదన పంపే వీలుంది, "ఇప్పుడు టైమ్ అయిపోయింది" అంటే నమ్మి వచ్చేయకండి.

ఈలోగా ఒక పని చేయండి. టీకాల ఫ్రిజ్ పక్కన టెంపరేచర్ లాగ్‌బుక్ ఉంటుంది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో పొద్దున, సాయంత్రం రాస్తారు, కరెంటు ఎంతసేపు పోయిందో కూడా అందులోనే రాయాలి. డాక్టర్ గారిని అడిగితే చూపిస్తారు, వాళ్లకూ జనరేటర్ కావాలనే ఉంటుంది కదా. గత ఆరు నెలల్లో కరెంటు లేని గంటలు ఎన్నో, ఫ్రిజ్ 8 దాటిన రోజులు ఎన్నో, రాత్రిపూట ఎన్ని కాన్పులు టార్చి లైట్ కింద అయ్యాయో కాన్పుల రిజిస్టర్ పక్కన పెట్టుకుని లెక్క తీయండి. ఆ మూడు అంకెలు ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, రిమార్కుల గడిలో ఏం రాయాలో నేను రాసి పెడతాను, మీ డాక్టర్ గారికి ఇవ్వండి.