సమాధానం: జవాబులు ఒకరివి ఇంకొకరికి పోకుండా

మీ సైట్ చాట్‌లో పేరు చెప్పకుండా అడిగేవాళ్ల ప్రశ్నలను బాట్ (మెసేజ్‌లు అటూఇటూ చేరవేసే ప్రోగ్రామ్) టెలిగ్రామ్ గ్రూపుకు పంపితే, అక్కడ మీ వాలంటీర్లు రాసే జవాబులు తారుమారుగా వెళ్తున్నాయనీ, కొన్ని అసలు చేరడం లేదనీ అన్నారు కదండీ. ప్రతి విజిటర్‌కూ బ్రౌజర్‌లో ఒక ర్యాండమ్ ఐడీ ఇవ్వండి. టెలిగ్రామ్ గ్రూపులో టాపిక్స్ (గ్రూపు లోపలే విడివిడి చర్చలు) ఆన్ చేసి, ఒక్కో ఐడీకి బాట్ ఒక్కో టాపిక్ తెరిచేలా రాయండి. అప్పుడు జవాబు ఎవరు రాసినా, దాంతోపాటు వచ్చే మెసేజ్ థ్రెడ్ ఐడీని (ఆ టాపిక్ నంబరును) బట్టి సరైన చాట్‌కే పంపొచ్చు. టెలిగ్రామ్ బదులు స్లాక్ (ఆఫీసు చాట్ యాప్) వాడేవాళ్లకు ఇదే పని థ్రెడ్ టీఎస్ (thread_ts, ఆ థ్రెడ్ గుర్తింపు) చేస్తుంది.

విజిటర్ ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తుపట్టించే ఐపీ అడ్రస్ మాత్రం గ్రూపులోకి రానివ్వకండి, దయచేసి. పేరు దాచుకుని అడిగేవాళ్లకు ఏ భయం ఉందో మనకు తెలియదు.

ఇక చేరని జవాబుల సంగతి. అది టెలిగ్రామ్ బాట్లకుండే ప్రైవసీ మోడ్ వల్లే అనిపిస్తోంది. మామూలుగా గ్రూపులో బాట్‌కు కమాండ్లు, తనకిచ్చిన రిప్లైలు తప్ప మిగతా మెసేజ్‌లు కనిపించవు. బాట్‌ను అడ్మిన్ చేస్తే అన్ని మెసేజ్‌లూ కనిపిస్తాయి; దానికి టాపిక్స్ మేనేజ్ చేసే అనుమతి కూడా ఇవ్వండి.